కత్తిరించిన రెక్కల కింద నా సంతకం

చేవెళ్లలో ఒక సర్కారు బడి వెనక నాలుగు గోడలు లేచి కప్పు పడని గది ఒకటి ఉంది. కిటికీలకు చట్రాలు బిగించి ఉన్నాయి, దర్వాజా నిలబెట్టి ఉంది, పైన మాత్రం ఆకాశమే. అది పిల్లలకు బొమ్మలు నేర్పే గది కావలసింది. ఎందుకు ఆగిపోయిందని అడిగితే ఊళ్లో సగంమంది నన్నే చూపిస్తారు. "ఆ ముసలాయన కోపమే ముంచింది" అంటారు. అననీయండి. నాకు కోపం ఎక్కువన్నది నిజమే. ఆ కోపం ఎందుకొచ్చిందో మాత్రం ఒక్కరూ అడగరు. మీరు కొత్తగా కుంచె పట్టినవాళ్లు. రేపు మీ ఇంటికి కూడా శాలువా పట్టుకుని ఎవరో ఒకరు వస్తారు. అందుకని మీకు చెబుతున్నాను.

ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను జంతువులను, పక్షులను వేసి బతికినవాణ్ణి. అటవీశాఖ వాళ్ల సర్కారు ఆఫీసులో ఆర్టిస్టు అని ఒక్కటే పోస్టు ఉండేది. అందులో చేరాను, అందులోనే రిటైరయ్యాను. ప్రమోషన్ అడుగుదామంటే పైన ఇంకో ఆర్టిస్టు కుర్చీ లేదు. అడవి దారుల్లో రేకుల మీద పులులు, పార్కు గేట్ల దగ్గర నెమళ్లు, బడిపిల్లలకు పంచే కాగితాల మీద జింకలు, అన్నీ నా చేతివే. కింద సంతకం మాత్రం పెట్టనిచ్చేవాళ్లు కాదు. సర్కారు బొమ్మకు సంతకం ఎందుకయ్యా అనేవారు. రిటైరయ్యాక మొదటిసారి ఒక బొమ్మ కింద నా పేరు రాసుకున్నప్పుడు, ఎవరైనా చూస్తున్నారేమో అని వెనక్కి తిరిగి చూశాను. అంత అలవాటైపోయింది.

ఆఫీసు ముచ్చట్లు చెప్పమంటే చాలా ఉన్నాయి. ఒక పెద్దసారు నేను వేసిన పులిని చూసి, మరీ కోపంగా ఉంది, టూరిస్టులు భయపడతారు, కాస్త నవ్వుతున్నట్టు వెయ్యమన్నాడు. ఇంకొకాయనకు ఎలుగుబంటి బాగా నల్లగా ఉందని బాధ. ఇలాంటివాటికి బయటికొచ్చి చాయ్ బండి దగ్గర నవ్వుకునేవాణ్ణి. నవ్వు రానిది ఫ్లెక్సులు వచ్చాకే. పాలపిట్ట మన రాష్ట్ర పక్షి అయ్యాక దాని బొమ్మతో బోర్డులు పెట్టాలన్నారు. నేను రంగులు కావాలని ఇండెంటు కాగితం పెట్టి కూర్చున్నాను. అది పాసయ్యేలోపు పక్క టేబులు కుర్రాడు ఇంటర్నెట్లో ఒక ఫొటో పట్టి ముద్రించేశాడు. అది పాలపిట్టే, కాకపోతే చలిదేశాలది. దానికి గొంతు నుంచి పొట్టదాకా నీలమే. మన పిట్ట రొమ్ము మట్టిరంగు. పోయి చెబితే, "నీలంగుంటే బోర్డు మంచిగ కనిపిస్తది గద సార్, ఎవరు చూసొచ్చిన్రు" అన్నాడు. ఆ బోర్డు అంచు మీద మన పాలపిట్ట వచ్చి కూర్చోవడం నేను కళ్లారా చూశాను.

మాది చేవెళ్ల పక్కనున్న ముడిమ్యాల. పాలపిట్టను నేను మా మెట్ట చెలకల్లో కరెంటు తీగల మీద చూసి నేర్చుకున్నాను. తెలియనివాళ్లు దాన్ని కూర్చున్నప్పుడు చూస్తే ఇదేనా అని పెదవి విరుస్తారు. దుమ్ము పట్టినట్టుంటుంది. కింద మిడత కనిపించి ఒక్కసారి రెక్క విప్పి దూకిందంటే, ముదురు నీలం, లేత నీలం పట్టీలు పట్టీలుగా తెరుచుకుంటాయి. కనురెప్ప పడేలోపు మళ్లీ తీగ మీద మట్టిరంగు పిట్ట. ఆ కాసేపటి నీలం కోసం పొద్దంతా గట్టు మీద కూర్చునేవాణ్ణి. నాకొక పట్టింపు ఉంది, మీకు చాదస్తం అనిపించవచ్చు. పట్టిన పక్షిని చూసి వేయను, చచ్చిన పక్షిని చూసి వేయను, ఫొటో చూసి వేయను. అది తిరిగేచోట తిరుగుతుండగా చూసి, ఇంటికొచ్చి గుర్తుంచుకున్నది వేస్తాను. అందుకే నా బొమ్మలు తక్కువ.

దసరానాడు పాలపిట్టను చూస్తే శుభమని మనకొక ఆనవాయితీ. మా చిన్నప్పుడు కొత్తబట్టలు కట్టుకుని ఊరంతా చెలకల్లోకి నడిచేవాళ్లం. అది కనిపించేదాకా తిరిగేవాళ్లం. కాళ్లు నొప్పి పెట్టేవి, ముసలివాళ్లు పిల్లల భుజాలు పట్టుకుని నడిచేవాళ్లు. ఎవరికో కనిపించి "అగో" అంటే అందరూ ఆ వైపు పరుగు. ఎగిరిపోతుంటే దణ్ణం పెట్టేవాళ్లం. ఆ పండుగలో నాకు తెలిసిన అందమంతా మనం దాని దగ్గరికి పోవడంలోనే ఉంది.

రిటైరయ్యాక చేవెళ్లలో ఒక షట్టరు కిరాయికి తీసుకుని, ఆదివారాలు పిల్లలకు ఊరికే బొమ్మలు నేర్పడం మొదలుపెట్టాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఒకమ్మాయి పెద్దదై ఆ సర్కారు బడిలోనే డ్రాయింగ్ టీచరయింది. పర్మనెంటు ఉద్యోగం కాదు, ఏడాదికోసారి కొనసాగిస్తారో లేదో అని ఎదురుచూసే కొలువు. ఆమెకు బడిలో గది లేదు. వరండాలో ఒక మూల పిల్లల్ని కూర్చోబెట్టేది, వానొస్తే అదీ లేదు. మధ్యాహ్నం అన్నాలు వండే షెడ్డులో పిల్లలు వేసిన బొమ్మలు దాచుకునేది. ఒకసారి వాటిలో సగం పొయ్యి రాజెయ్యడానికి పోయాయి. ఆ రోజు నా దగ్గరికొచ్చి కూర్చుని ఏడ్చింది. ఒక్క గది, తాళం పడే గది, అంతకంటే ఆమె ఏమీ కోరలేదు.

అప్పుడొచ్చాడు సేటు. ఆయనవాళ్లు చేవెళ్లవాళ్లే, మొదట కిరాణా దుకాణం. నేను నా మొదటి పెన్సిలు కొన్నది ఆయన అమ్మగారు కూర్చునే గల్లాపెట్టె ముందు నిలబడే. ఇప్పుడు సిటీలో వ్యాపారాలు, చిన్న మంగళారంలో ఫామ్‌హౌస్. మనిషి చెడ్డవాడు కాదు. మర్యాద తెలిసినవాడు. వచ్చి నా కాళ్లకు దణ్ణం పెట్టి, శాలువా కప్పి, కూర్చున్నాడు.

"సార్, మీ ఆదివారం క్లాసు గురించి ఇన్న. మన దగ్గర ఆర్ట్‌ను పట్టించుకునేటోళ్లు లేరు. నేనే ఆ బడిల ఒక రూమ్ కట్టిస్త. స్లాబ్‌తోని, ఫ్యాన్లతోని," అన్నాడు.

టీచరమ్మ ముఖం చూడాలి అప్పుడు. ఆమె లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది, ఏం చెయ్యాలో తెలియక నీళ్లు తేవడానికి పోయింది.

"మీరు నాకొక్క పని చెయ్యాలె," అన్నాడు సేటు. "దసరాకు ఫామ్‌హౌస్ల గెస్టులొస్తున్నరు. వాళ్ల ముందల మీరు పాలపిట్ట బొమ్మ లైవ్‌ల ఎయ్యాలె. ఆర్ట్ అంటే ఏందో జర వాళ్లకు గూడ తెలుస్తది. రూమ్ సంగతి గూడ అక్కడనే అందరి ముందల చెప్త."

నా పట్టింపు సంగతి చెప్పాను. జ్ఞాపకం నుంచి వేస్తాను, జనం ముందు వేయడం అలవాటు లేకపోయినా వేస్తాను అన్నాను. "మీ ఇష్టం సార్, మీరెట్లంటే గట్లనే" అన్నాడు. ఆ మాట నేను నమ్మాను.

దసరా పొద్దున టీచరమ్మ, నేను రంగులు, కాన్వాసు పట్టుకుని బస్సెక్కి, తర్వాత ఆటో మాట్లాడుకుని పోయాం. గేటు నుంచి ఇంటిదాకా బంతిపూల తోరణాలు. వరండాలో కుర్చీలు, చల్లటి మజ్జిగ. స్టాండు నిలబెట్టి కాన్వాసు మీద గీతలు గీస్తుండగా ఒక మనిషి మూతికి గుడ్డ కట్టిన గంపతో మెట్లెక్కి వచ్చాడు. సేటు చేతులు రుద్దుకుంటూ, "సార్, మీకు సర్‌ప్రైజ్" అన్నాడు. గుడ్డ తీశారు.

గంపలో పాలపిట్ట ఉంది. నోరు తెరిచి ఆయాసపడుతోంది. కాళ్లకు తెల్లదారం. ఆ మనిషి అలవాటైన చేత్తో దాన్ని ఎత్తి, రెండు రెక్కలూ లాగి పట్టాడు. ఆ నీలం చూసి కుర్చీల్లోవాళ్లంతా "అబ్బ" అన్నారు. నేను చూసింది రెక్కల చివర్లు. పొడుగు ఈకలన్నీ కత్తెరతో అడ్డంగా కోసేశారు, పిల్లలు రంగు కాగితం కోసినట్టు. మిగిలిన ఈకలు విడివిడిగా లేవు, బంక పూసి అతికించారు. ఎగరకుండా కోత, కొట్టుకోకుండా బంక, నడవకుండా దారం.

నాకు ఒళ్లంతా మండింది. సేటును పక్కకు పిలిచాను.

"ఇది నేరం సేటూ. దీన్ని పట్టుకునుడే నేరం. నేను ఏ ఆఫీసుల పనిచేసిన్నో నీకు ఎరుకే గద?"

ఆయన నొచ్చుకున్నాడు. "సార్, అమ్మ కోసం తెప్పించిన. మోకాళ్లు పోయినయి, చెలకల్లకు నడుస్తదా? దర్శనం గావాలంటది. ఏం చెయ్యాలె చెప్పుండ్రి? పొద్దుగూకినంక ఇడిసిపెడ్తం సార్, పండుగ పూట పంచాయితీ ఒద్దు."

"ఇడిసిపెడితే ఎట్ల ఎగుర్తది? రెక్కలు కోసిన్రు, కనిపిస్తలేదా?"

"అవి మళ్ల మొలుస్తయంట గద సార్," అన్నాడు, గోళ్ల గురించి చెప్పినట్టు.

పక్షిని తెచ్చినవాడు వింటున్నాడు. వాడిమీద విరుచుకుపడదామని తిరిగాను. "నన్ను తిడితే ఏమొస్తది సార్," అన్నాడు నేల చూస్తూ. "ఏడాదికొక్కపాలి. అడిగేటోళ్లు ఉన్నరు, పట్టేటోణ్ణి నేనున్న. మీరడగకుంటే నాకెందుకు?"

అప్పుడే సేటు వాళ్లమ్మను పట్టుకుని బయటికి తెచ్చారు. తెల్లచీర, సన్నటి మనిషి. గంప ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఫోన్లన్నీ పైకి లేచాయి. ఆమె చేతులు జోడించబోయి ఆగిపోయింది.

"ఎగుర్తలేదేంది?" అంది.

"ఎగిరితే పోతది గదనే అమ్మా," అన్నాడు కొడుకు నవ్వుతూ.

"పోవాలె గదరా. పోతుంటెనే గద మొక్కేది."

ఒక్కరికీ ఆ మాట చెవికెక్కలేదు. పండుగ సందడిలో ముసలావిడ ఏదో అందని నవ్వేశారు. ఆమె జోడించని చేతులు ఒళ్లో పెట్టుకుని నావైపు చూసింది. "నువ్వు మా దుకాణంల పెన్సిళ్లు కొన్న పిలగానివేనా?" అని అడిగింది. అవునన్నాను. "నీకు దీని సంగతి ఎరుకే గద బిడ్డా, జర చెప్పరాదూ," అని పక్కనున్నవాళ్ల చెయ్యి పట్టుకుని లేచి లోపలికి పోయింది.

రంగులు సంచిలో పడేసి వెళ్లిపోదామనుకున్నాను. టీచరమ్మ నా ఎదురుగా నిలబడి ఉంది. ఆమె కళ్లలో ఆ గది గోడలు, తలుపు, తాళంకప్ప అన్నీ కనిపించాయి. వెళ్లిపోతే ఆ గది పోతుంది. సరే అనుకున్నాను. నా నోటిమాట వీళ్లకు పట్టదు. వీళ్లకు బొమ్మ కావాలి. బొమ్మతోనే చెబుతాను. బతుకంతా పెట్టుకున్న పట్టింపును పక్కన పెట్టి, పట్టిన పక్షిని ఎదురుగా పెట్టుకుని వేయడానికి కూర్చున్నాను.

ఆక్రిలిక్ రంగులు త్వరగా ఆరతాయి. భోజనాల వేళకు బొమ్మ పూర్తయింది. నేను ఏదీ దాచలేదు. రెండు రెక్కలూ బార్లా విప్పి వేశాను. అడ్డంగా తెగిన ఈకల చివర్లు ఒక్కొక్కటీ సన్న కుంచెతో వేశాను. బంక గడ్డకట్టినచోట మెరుపు వేశాను. కాళ్ల దారానికి ముడి వేశాను. తెరిచిన నోరు, ఆ కన్ను కూడా వేశాను. కింద పెద్ద అక్షరాలతో సంతకం పెట్టాను. ఇక చూడండి అని పక్కకు జరిగాను. ఎవరో ఒకరు "ఇదేంది" అంటారని, వరండా అంతా ఒక్కసారి చల్లబడుతుందని ఎదురుచూశాను.

చప్పట్లు కొట్టారు.

"ఫొటో లెక్కనే ఉన్నది సార్!" అన్నాడొకాయన. ఫొటోలా ఉందనడం ఆయన దృష్టిలో పెద్ద పొగడ్త. ఒకావిడ ఆ నీలం వాళ్లింట్లో సోఫాకు సరిగ్గా సరిపోతుందని, ఇలాంటిదే ఇంకొకటి వేసిస్తారా అని అడిగింది. ఒక కుర్రాడు బొమ్మ పక్కన నిలబడి చేతులు రెక్కల్లా చాపి ఫొటో దిగాడు. వాడి వేళ్లు నేను వేసిన తెగిన ఈకలకు ఆనించి ఉన్నాయి. సేటు గొంతు సవరించుకుని గది సంగతి ప్రకటించాడు, మళ్లీ చప్పట్లు. అక్కడ ఉన్నవాళ్లు చదువుకున్నవాళ్లు, లోకం తిరిగినవాళ్లు. కళ్లముందు పక్షి ఉంది, పక్కన దాని బొమ్మ ఉంది, రెండింట్లోనూ రెక్కలు తెగి ఉన్నాయి. ఒక్కరికి, ఒక్కరికంటే ఒక్కరికి కనిపించలేదు! నాకు ఆ పొద్దు వచ్చినంత కోపం ఏ ఆఫీసరు మీదా రాలేదు.

సేటు కవరు ఇవ్వబోయాడు. "పైసలొద్దు. నాకు గా పిట్టనియ్యి" అన్నాను. ఆయనకు మనసులో బరువు దిగినట్టయింది. "తీస్కపోండ్రి సార్" అన్నాడు, మిఠాయి డబ్బా ఇచ్చినంత తేలిగ్గా.

బొమ్మ సేటు దగ్గరే ఉండిపోయింది. అట్టపెట్టెకు చిల్లులు పొడిచి, పిట్టను అందులో ఉంచి ఒళ్లో పెట్టుకుని టీచరమ్మ ఆటోలో కూర్చుంది. దారిలోనే దారం విప్పింది. చేవెళ్లలో పశువుల దవాఖాన మూసి ఉంది, పండుగ. నా పాత ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎత్తినవాడు నేను పని నేర్పినవాడే. "సార్, దసరా సార్, ఒక్క జీపు లేదు సార్, రేపు పొద్దున్నే మనిషిని పంపిస్త" అన్నాడు. మా ఇంట్లో గోరువెచ్చటి నీళ్లతో బంక కరిగించాలని చూశాం. మిడతలు తెచ్చి పెడితే ముట్టలేదు. పొద్దున మనిషి వచ్చేసరికి పెట్టెలో అది పక్కకు ఒరిగి, చల్లబడి ఉంది. ఆ మనిషి కాగితం మీద ఏదో రాసుకుని పెట్టె తీసుకుపోయాడు.

తర్వాతి నెలల్లో గది పని మొదలైంది. సేటు మాట తప్పలేదు, ఆ మాట చెప్పకపోతే నాది అన్యాయమవుతుంది. ఇటుకలు దిగాయి, గోడలు లేచాయి. టీచరమ్మ రోజూ బడి అయ్యాక పోయి గోడలకు నీళ్లు కొట్టేది, మేస్త్రీ వద్దన్నా వినేది కాదు. ఏ గోడకు ఏ బొమ్మలు పెట్టాలో, కిటికీ కింద ఎవరు కూర్చోవాలో అన్నీ అనుకుంది. వచ్చే దసరా పోగానే స్లాబు అన్నారు. నేను ఆ పాలపిట్టను తలుచుకున్నప్పుడల్లా, పోనీలే, కనీసం ఈ పిల్లలకు ఒక గది వచ్చింది అని సర్దిచెప్పుకునేవాణ్ణి.

మళ్లీ దసరా వచ్చింది. పండుగ ముందురోజు బంతిపూలు కొందామని చేవెళ్ల చౌరస్తాలో బస్సు దిగాను. తలెత్తితే ఎదురుగా ఫ్లెక్సు. ఇంటి గోడంత ఉంది. అందులో నా పాలపిట్ట.

నాదే, అనుమానం లేదు. ఆ కన్ను నేను వేసిందే. కానీ రెక్కలు నిండుగా ఉన్నాయి. తెగిన ఈకలు లేవు, పొడుగ్గా, కొనదేలి, చక్కగా మొలిచాయి. కాళ్లకు దారం లేదు. తెరిచిన నోరు మూసుకుంది. పక్కన సేటు ఫొటో, పండుగ శుభాకాంక్షలు, ఆయన పేరు కింద 'కళాపోషకులు' అని బంగారు అక్షరాలు. నా సంతకం మాత్రం చెక్కుచెదరకుండా అట్లాగే ఉంది.

నేను అక్కడే నిలబడి సేటుకు ఫోన్ చేశాను.

"బాగొచ్చింది గద సార్!" అన్నాడు సంతోషంగా. "ఫ్లెక్స్ పిలగాడు చెప్పిండు, ఒరిజినల్ల రెక్కలకు డ్యామేజ్ ఉండెనంట. కంప్యూటర్ల సాఫ్ చేయించిన."

"డ్యామేజా?"

"ఆఁ సార్. ఆరేటప్పుడు రంగు లేచిపోయినట్టుంది. ఫికర్ జెయ్యకుండ్రి, ఎవరికీ తెల్వది."

ఏడాదంతా ఆ బొమ్మ ఆయన హాల్లో, లైటు కింద ఉంది. రోజూ దాని ముందే చాయ్ తాగి ఉంటాడు. "సేటూ, అవి డ్యామేజ్ గాదు, నీ పండుగ" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. ఫ్లెక్సు తీయించమన్నాను. "పండుగ పూట ఎట్ల తీస్తరు సార్? అయినా బొమ్మ నాది గద, నేను తీసుకున్న" అన్నాడు. "పిట్టనిచ్చి తీసుకున్నవు. పిట్ట సచ్చింది" అన్నాను. "సార్, దసరా కాంగనే స్లాబ్ పోస్తున్నం, గుర్తున్నది గద" అన్నాడు మెల్లగా. బెదిరింపు కాదు, గుర్తుచేయడమే. బెదిరించి ఉంటే నాకింత మండేది కాదు.

హార్డ్‌వేర్ దుకాణంలో ఒక కుంచె, ఎనామిల్ రంగు డబ్బాలు మూడు తీసుకున్నాను. ఆకాశం రంగు, మట్టిరంగు, తెలుపు. పూల దండలు కట్టే ఆయన్ని నిచ్చెన అడిగాను. అంతలో టీచరమ్మ స్కూటీ మీద వచ్చి ఆగింది, ఆమె కూడా ఫ్లెక్సు చూసే వచ్చింది. నా చేతిలో డబ్బాలు, భుజాన నిచ్చెన చూడగానే ఆమెకు అంతా తెలిసిపోయింది.

"రూమ్ పోతది బిడ్డా," అన్నాను. "నువ్వొద్దంటే ఇంటికి పోత. నీ గది అది. నీ మాటే నా మాట."

ఆమె ఫ్లెక్సు వైపు చాలాసేపు చూసింది. ఆటోలో ఆ అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని, వేళ్లతో దారం ముడి విప్పింది ఆమే కదా.

"గా రూమ్ల పిల్లలకు ఏం నేర్పాలె సార్?" అంది చివరికి. "ఉన్నది ఉన్నట్టు ఎయ్యుండ్రి అని ఏ మొకంతోని చెప్పాలె?" చున్నీ నడుముకు బిగించి నిచ్చెన పట్టుకుంది. "ఎక్కుండ్రి. పైలంగ."

ఈ వయసులో నిచ్చెన ఎక్కడం అంత మంచి ఆలోచన కాదని మధ్యలో అర్థమైంది. కానీ ఉద్యోగమంతా నేను ఎక్కింది నిచ్చెనలే, కాళ్లకు అలవాటే. పైకి చేరి ఆకాశం రంగులో కుంచె ముంచి, ఎడమ రెక్క చివర ఆ అందమైన ఈకల మీద అడ్డంగా ఒక్క గీత గీశాను. ఒక్కొక్క ఈకనూ పొట్టి చేసుకుంటూ వచ్చాను. మట్టిరంగుతో తెగిన అంచులు దిద్దాను. తెల్లరంగుతో కాళ్లకు మళ్లీ దారం కట్టాను.

కింద జనం పోగవుతున్నట్టు చప్పుడును బట్టి తెలిసింది. ముందు నవ్వులు, తర్వాత గుసగుసలు, తర్వాత కేకలు.

"ఓ పెద్దమనిషీ! ఏం చేస్తున్నవ్?"

"మంచిగున్న బొమ్మను ఖరాబు చేస్తుండేంది?"

అన్నిటికంటే పైన ఒక ఆడగొంతు. బంతిపూల కుప్ప ముందు నుంచి లేచి వచ్చిన అవ్వ, చేతులు తిప్పుతూ అరుస్తోంది. "పాపం గాదా నీకు? రేపు దసరా, ఇయ్యాల పాలపిట్ట రెక్కలు కోస్తవా? నీకు చేతులెట్ల వస్తున్నయిరా? దాన్నెట్ల ఎగురుమంటవ్?"

పక్కనున్నవాళ్లు అందుకున్నారు. దిగు అన్నారు. పోలీసుల్ని పిలుస్తామన్నారు. ఎవరో నిచ్చెన కదిపారు, టీచరమ్మ వాళ్లను తోసేసి గట్టిగా పట్టుకుంది. చౌరస్తా అంతా నామీద కోపంతో ఊగిపోతోంది. ఒక పక్షి రెక్కలు కోసినందుకు, కాళ్లకు దారం కట్టినందుకు అంత కోపం. ప్రాణమున్న పిట్టను గంపలో తెచ్చిననాడు ఆ వరండాలో ఇందులో ఒక్క కేక వినిపించి ఉంటే చాలు. ఏడాదిగా నేను ఎదురుచూసిన కోపం అదే, ఇన్నాళ్లకు వచ్చింది, వచ్చి నామీద పడింది.

"తిట్టు అవ్వా," అన్నాను కిందికి వంగి. "ఇంకా గట్టిగ తిట్టు. అందరికి ఇనవడాలె."

ఆమె ఒక్కక్షణం బిత్తరపోయి చూసింది. కింద టీచరమ్మ ఒక చేత్తో నిచ్చెన పట్టుకునే, ఆమె వైపు తిరిగి, "అవ్వా, నిరుడు దసరానాడు ఏమైందంటే..." అని చెప్పడం మొదలుపెట్టింది. కేకలు మెల్లగా తగ్గాయి. నేను కుంచె మళ్లీ డబ్బాలో ముంచాను. కుడి రెక్క ఇంకా మిగిలి ఉంది.